పిల్లల జట్టు - ఇల్లాండ్ర పద్దు

ఇల్లు దిద్దుకొను ఆడువారికి ఫుట్‌బాలు జట్టు పద్దులతో నేమి పనియని మీకు తోచవచ్చును. 2024లో ఈ పద్దుపుస్తకము మా చేతికి వచ్చునంతవరకు మాకును అట్లే తోచినది.

మేము సికిందరాబాదు చెంత అల్వాలులో కాపురముండువారము. ఈ ప్రాంతమునకు బంతియాట క్రొత్త గాదు. మా కనతిదూరముననున్న అమ్ముగూడలో పుట్టిన తులసీదాసు బలరాము గారు 1956లో మెల్బోర్ను, 1960లో రోము ఒలింపిక్కులకు వెళ్లి, 1962లో జకార్తా ఏషియా క్రీడలయందు స్వర్ణపతకము గెలిచిన జట్టులో నొకరైరి. ఆ జట్టులకు శిక్షణమిచ్చిన సయ్యదు అబ్దుల్ రహీము గారు హైదరాబాదువారే. వారు తీర్చిన హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు రోవర్సు కప్పును గెలిచెను. ఆటగాండ్ర నేర్పు గొప్పదే. కాని వారి వెనుక సర్కారు ఉద్యోగమును, నెలజీతమును ఉండెనన్నమాట మరువరాదు. ఆకలిగొన్నవాడు ఎంతకాలము పరుగెత్తగలడు?

మా వీధి పిల్లల జట్టునకు ఒక దాత యుండెను. చొక్కాలపై తన దుకాణము పేరు వేయించి, రెండేండ్లు ఖర్చు భరించెను. ఒకనాడు వ్యాపారము మందగించెననియో, మనసు మారెననియో, సొమ్ము మానివేసెను. శిక్షకునికి మూడు నెలల బాకీ నిలిచెను. పిల్లలు చినిగిన బంతికి కుట్లు వేయించి యాడుచుండిరి. అప్పుడు మేము, మా వీధి ఇల్లాండ్రము, ఒక సాయంకాలము కూడి ఆలోచించితిమి. చీటీలు నడపుట మనకు తెలియును. పోపుల డబ్బాలో దాచుట మనకు తెలియును. ఇదియు నట్టిదే కాదా?

నలుబది యెనిమిది ఇండ్లవారు నెలకు 100 రూపాయల చొప్పున నిచ్చుటకు ఒప్పుకొనిరి. అనగా నెలకు 4,800. ఏటికి 57,600 రూపాయలు. ఇందు పదవ వంతు, 5,760 రూపాయలు, ముట్టరాని నిలువయని మొదటనే తీసి యుంచితిమి. శిక్షకునికి ఏటికి 30,000. బంతులు, బూట్లు, వలలకు 12,000. ప్రయాణములు, పోటీ రుసుములు, గాయములకు మందులు 9,840. పాత బాకీని మాత్రము మేము కొందరము వేరుగా చందా వేసికొని తీర్చితిమి. నియమములు నాలుగే: ఇంటికి ఒక్క ఓటు, ఎక్కువ ఇచ్చినను ఒక్కటే, అప్పు చేయరాదు, నెల మొదటి ఆదివారమున పద్దు అందరియెదుట చదువవలెను, ఆడపిల్లలు ఆడవచ్చినచో బంతి వారికిని ఇవ్వవలెను.

ఏడాది సుఖముగా గడచెను. అంతలో ఒక పోటీ వచ్చెను. వేరొక పెద్దమనిషి 20,000 రూపాయలిచ్చెదననియు, దానితో బయటినుండి నలుగురు ఆటగాండ్రను తేవలెననియు, జట్టునకు తన పేరు పెట్టవలెననియు, ఎవరు ఆడవలెనో తానే నిర్ణయింతుననియు చెప్పి పంపెను. పిల్లలు ఎగిరి గంతులు వేసిరి. పద్నాలుగేండ్ల మా చిన్నవాడు రాత్రియెల్ల మమ్ము బ్రతిమాలెను. ఓట్లు లెక్కించగా వలదన్నవారు 27, కావలెనన్నవారు 21. మా యోటు వలదన్నవారిలో నుండెను.

పోటీలో మా పిల్లలు మొదటి ఆటలోనే నాలుగు గోళ్ల తేడాతో ఓడిరి. వాడు ఇంటికి వచ్చి, బూట్లు మూలకు విసరి, "అమ్మా, నీవే మమ్ము ఓడించితివి" అనెను. ఆ రాత్రి వాడును తినలేదు, మాకును ముద్ద దిగలేదు. మరునెల పండ్రెండు ఇండ్లవారు చందా మానిరి. రాబడి 3,600; ఖర్చు 4,320. నెలకు 720 రూపాయల లోటు. నిలువ సొమ్ముతో సరిగా ఎనిమిది నెలలు నెట్టవచ్చును. ఆ పిమ్మట జట్టు లేదు. మేము తప్పు చేసితిమేమోయని ఎన్నో రాత్రులు చింతించితిమి.

ఆ 2025లోనే హైదరాబాదు ఎఫ్‌.సీ. ఢిల్లీకి తరలి క్రొత్త పేరు పెట్టుకొన్నదను వార్త వచ్చెను. ఆ క్లబ్బు 2019లో ఏర్పడి, 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగును గెలిచినది. ఆ గెలుపునాటి రాత్రి మా చిన్నవాడు పసుపుపచ్చని చొక్కా విప్పక నిద్రించెను. తరువాత జీతపు బకాయిలు, ఆటగాండ్ర నిష్క్రమణము, యాజమాన్యపు మార్పు వరుసగా వచ్చినవి. "మన జట్టును వారెట్లు తీసికొనిపోగలరమ్మా?" యని వాడడిగెను. అభిమానము మనది, జట్టు మనది కాదు నాయనా యని చెప్పితిమి. వాడు చాలసేపు మాటాడలేదు.

ఇట్టిదే ఇంగ్లండులో 2002లో జరిగెను. వింబుల్డను జట్టు మిల్టన్ కీన్సు పట్టణమునకు తరలుటకు అనుమతి లభింపగా, అభిమానులు దుఃఖించి ఊరకుండక ఏ.ఎఫ్‌.సీ. వింబుల్డనను క్రొత్త జట్టును తామే స్థాపించిరి. అది అడుగుమెట్లనుండి యెక్కి 2011లో ఫుట్‌బాలు లీగును చేరెను. 2020లో తన పాతవీధియైన ప్లౌ లేనులో క్రొత్త మైదానము కట్టుకొనెను. అందుకు అభిమానులే ఋణపత్రములు కొని సొమ్ము సమకూర్చిరి. జర్మనీలో, కొన్ని మినహాయింపులతో, క్లబ్బు ఓట్లలో సగమునకు మించినవి సభ్యులవే కావలెనను నియమము కలదు. అన్నిచోట్లను ఇట్లే నిలుచునని చెప్పరాదు: పోర్ట్సుమౌతును 2013లో అభిమానులు కొని, అప్పులు తీర్చి, 2017లో తమ యోట్లతోనే ఒక ధనికునికి అమ్మిరి. పై మెట్టు ఎక్కుటకు తమ సొమ్ము చాలదని వారికి తోచెను. పిండి కొలది రొట్టె; రొట్టె పెద్దది కావలెనన్నవారికి పిండి ఎవరిదను ప్రశ్న తప్పదు.

లోటు మొదలైన అయిదు నెలలకు నిలువ 2,160 రూపాయలకు దిగెను. మేము మానినవారి యిండ్లకు పద్దుపుస్తకముతో వెళ్లి, ఏమియు బ్రతిమాలక, లెక్క చూపి వచ్చితిమి. ఆరవ నెలలో తొమ్మిది ఇండ్లవారు తిరిగి చేరిరి. మూడిండ్లవారు రాలేదు, వారి పిల్లలు మాత్రము మైదానమునకు వచ్చుచున్నారు, వారిని వలదనము.

ఆ నెల పద్దు చదువుటకు మా చిన్నవాడు తానే లేచెను. రాబడి 4,500, ఖర్చు 4,320, మిగులు 180, నిలువ 2,340 రూపాయలు. చదివి, పుస్తకము మాకిచ్చి, బంతి తీసికొని పోయెను.