తలావు దాకా నడక

షోలాపూర్‌లో మా ఇల్లు దాజీపేటలో, వేంకటేశ్వరస్వామి గుడికి దగ్గర్లోనే. పొద్దున చీకటి ఉండగానే లేచి సిద్ధేశ్వర తలావు దాకా నడిచిపోతాను. మా మనుమడు సైకిల్ మీద పది నిమిషాల్లో పోయే దారి. నాకు అరగంట దాటుతుంది. అయినా ఆరేళ్ళ నుంచి విడవలేదు.

నేను గిరణీలో కార్డింగ్ ఖాతాలో పనిచేసినవాణ్ణి. దూది దుమ్ముకు కనురెప్పలు తెల్లబడేవి. సెలవునాడు బాగానే ఉండి, మళ్ళీ పనిలోకి పోయిన మొదటి రోజు ఛాతీ పట్టేసేది. "సెలవుకు ఒళ్ళు బద్ధకించింది" అని నవ్వుకునేవాళ్ళం. అది దూది దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు అనీ, దాని పేరు బిసినోసిస్ అనీ గిరణీ మూతపడ్డ చాలా ఏళ్ళకు ఒక డాక్టరు చెబితే తెలిసింది. దుమ్ము తిన్న ఊపిరితిత్తులకు బీడీ తోడైతే నష్టం ఇంకా ఎక్కువ అన్నాడు.

బీడీ మానేస్తానంటే నా భార్య నవ్వింది. "ఇంట్ల చాట నిండ ఆకు, తంబాకు ఉంటది. నువ్వెట్ల మానుతవయ్యా?" అన్నది. నిజమే, గిరణీ పోయినప్పుడు ఆమె చుట్టిన బీడీలతోనే మా పొయ్యి వెలిగింది. కానీ తరువాత నేను చాటలోకి చెయ్యి పెట్టబోతే పట్టుకుని ఆపింది కూడా ఆమే. కొన్ని నెలలకు దగ్గు తగ్గింది. ఆయాసం మాత్రం పూర్తిగా పోలేదు. పాడైంది తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవాలె.

మొదట్లో దారిలో నాలుగుచోట్ల కూర్చునేవాణ్ణి. ఇప్పుడు ఒక్కచోట నిలబడితే చాలు. పేట సందుల్లో సాంచెల చప్పుడు వింటూ పోతే, చివరికి కోట గోడ, తలావు, నీళ్ళ మధ్యన గుడి కనిపిస్తాయి. సిద్ధరామేశ్వరుడి సమాధి ఉన్న చోటు. అక్కడ మా పాత గిరణీవాళ్ళం నలుగురం కూర్చుంటాం. సాంచెల మోతకు అందరి చెవులూ పోయినయి, అందుకే అరుచుకుంటాం. కొత్తవాళ్ళు కొట్లాట అనుకుంటారు.

మా ఖాతాలోనే చేసిన ఒకాయన, నాకు వరుసకు బావ, ముందు మాతోనే వచ్చేవాడు. "ఇన్నేండ్లు తాగిన, ఇప్పుడు మానితే ఏమొస్తది?" అనేవాడు. మొన్నటి సంక్రాంతికి గడ్డ జాతరలో నందిధ్వజాలు చూడటానికి కూడా లేవలేకపోయాడు. ఆ నెలలోనే పోయాడు. బలవంతంగానైనా డాక్టరు దగ్గరికి తీసుకపోలేదే అని నాకు ఇప్పటికీ బాధ.

డాక్టరు నాకు చెప్పినవి మీకూ చెబుతాను. వారానికి 150 నిమిషాల నడక చాలు, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. నడుస్తూ మాట్లాడగలగాలె, ఎగపోసుకోవద్దు. ఎండాకాలం మన ఊళ్ళో 40 డిగ్రీలు దాటుతుంది, ఎండ ఎక్కక ముందే ఇల్లు చేరాలె. జొన్నరొట్టె, పప్పు, పల్లికారం మంచివే, ఉప్పు మాత్రం అన్నిట్లో కలిపి రోజుకు ఒక చిన్న చెంచా దాటొద్దు. గోడ పట్టుకుని ఒంటికాలి మీద కాసేపు నిలబడటం అలవాటు చేసుకుంటే పడిపోయే భయం తగ్గుతుంది. నా భార్య ఇప్పుడు కిటికీ దగ్గర, ముక్కుకు గుడ్డ కట్టుకుని బీడీలు చుడుతుంది. గంటకోసారి లేచి వాకిట్లో నాలుగు అడుగులు వేస్తుంది.

ఇంకొక్క మాట. దమ్ము వస్తే "వయసైంది" అని ఊరుకోకండి. దవాఖానకు పోయినప్పుడు ఏ ఖాతాలో, ఎన్నేళ్ళు పనిచేశారో మీరే చెప్పండి. డాక్టరు అడగకపోయినా చెప్పండి. మా బావ ఆ మాట ఎవరికీ చెప్పలేదు.