కుడి కాలువ గట్టున ఒక పరిశోధన ప్రశ్న

ఎం.ఏ. ఎకనమిక్స్ రెండో ఏడాది పిల్లల్ని నాగార్జునసాగర్ తీసుకెళ్తానంటే డిపార్టుమెంటులో అందరూ విహారయాత్ర అనుకున్నారు. ఈ పిల్లల్లో కొందరు పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నారు. నెట్‌కు చదువుతున్నారు, సూత్రాలన్నీ నోటికొచ్చు. కానీ ఒక ప్రశ్న ఎక్కడ పుడుతుందో వాళ్లు ఇంకా చూడలేదు. అది చూపించాలనే నా తాపత్రయం.

నరసరావుపేట, పిడుగురాళ్ల మీదుగా మాచర్ల చేరి, అక్కడే టిఫిన్లు కానిచ్చి విజయపురి సౌత్ దారి పట్టాం. మిరప, పత్తి చేలు, మధ్యమధ్య రాతి నేలలు. ఎత్తిపోతల దగ్గర ఆగుదామని పిల్లలు అడిగారు. తిరుగు ప్రయాణంలో చూద్దామన్నాను.

కుడి కాలువ మొదలయ్యే చోట బస్సు దిగాం. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఈ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ కింద 11 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు. "ఈ కాలువ వల్ల రైతుకు ఎంత లాభం వచ్చిందో ఎలా లెక్కకడతారు?" అని అడిగాను.

"1967కు ముందు దిగుబడి, తర్వాత దిగుబడి చూస్తే తేలిపోతుంది సార్" అన్నాడొకడు. పక్కనున్న కుర్రాడు ఒప్పుకోలేదు. ఐఆర్-8 వరి వంగడం వచ్చింది కూడా అప్పుడే కదా అన్నాడు. నిజమే. ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు దాన్ని పండించి చూపింది 1967లోనే. పెరిగిన బస్తాల్లో నీటి వాటా ఎంత, విత్తనం వాటా ఎంత, ఎరువు వాటా ఎంత? ఆ చిక్కు తనంతట తాను పట్టుకున్నాడు చూడండి, ఎం.ఏ.లో ఎకనోమెట్రిక్స్ నేర్పేది దానికోసమే.

ఎస్తేర్ డుఫ్లో, రోహిణీ పాండే 2007లో భారతదేశపు ఆనకట్టల మీద ప్రచురించిన వ్యాసాన్ని ముందే చదివి రమ్మన్నాను. ఆనకట్ట ఉన్న జిల్లాను లేని జిల్లాతో నేరుగా పోల్చకూడదు. ప్రభుత్వం ఎక్కడపడితే అక్కడ కట్టదు, ఆ రెండు జిల్లాలూ మొదట్నుంచీ ఒకలాంటివి కావు. అందుకని వాళ్లు నది వాలును ఆధారం చేసుకున్నారు. ఓ మోస్తరు వాలు సాగునీటి ఆనకట్టకు అనువు, బాగా నిటారు వాలు కరెంటుకు అనువు. రైతు కలిమిలేములను చూసి ఏర్పడిన వాలు కాదది. ఆ దారిన వెళ్లి వాళ్లు తేల్చింది ఇది: ఆనకట్టకు దిగువ జిల్లాల్లో పంట పెరిగింది, పేదరికం తగ్గింది, ఆనకట్ట ఉన్న జిల్లాలో పేదరికం పెరిగింది.

గట్టు మీద నిలబడి ఇదంతా మాట్లాడుకుంటుంటే, వెల్దుర్తి మండలం నుంచి వచ్చిన అమ్మాయి ఉన్నట్టుండి అంది: "ఈ వ్యాసంలో లెక్కంతా జిల్లాల వారీగానే కదా సార్. మాదీ ఇదే జిల్లా. డ్యాం మా పక్కనే. మా పొలాలు కాలువకన్నా ఎత్తు. మాకు చుక్క రాదు. సగటులో మేము ఎక్కడున్నట్టు?"

నేను బదులు చెప్పలేదు, చెప్పకూడదనిపించింది. వరికపూడిశెల ఎత్తిపోతల కోసం ఆ మెట్ట ఊళ్లు దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నాయి. మేకలు తోలుకుపోతున్న పెద్దాయన ఒకాయన మా గుంపును చూసి ఆగాడు. ఆ అమ్మాయే పలకరించింది: "తాతా, మీకు కాలవ నీళ్లు వస్తాయా?" "మాకా తల్లీ? కాలవ మా ఊరి కిందనుంచి పోద్ది. మాకు వానే దిక్కు" అన్నాడాయన. అందరూ నోటుబుక్కులు తీశారు.

పైగా జిల్లా అన్నది కూడా స్థిరమైన కొలత కాదు. గుంటూరు నుంచి కొంత భాగం 1970లో ప్రకాశం జిల్లాలోకి పోయింది. పల్నాడు జిల్లా 2022లో ఏర్పడింది. పాత లెక్కల్లో గుంటూరు అంటే ఏ ఊళ్లో, కొత్త లెక్కల్లో ఏ ఊళ్లో సరిచూసుకోకుండా సమీకరణం రాస్తే జవాబు వస్తుంది, అది దేనికి జవాబో తెలియదు.

మధ్యాహ్నం నాగార్జునకొండ లాంచీలో కూర్చున్నాక పైచదువుల మాట వచ్చింది. వాళ్ల భయం లెక్కలు. అది అర్థం లేని భయం కాదు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో పీహెచ్‌డీ మొదటి ఏడాదంతా మైక్రో, మాక్రో, ఎకనోమెట్రిక్స్ కోర్సులే, ఆపైన అర్హత పరీక్ష. 1995లో వచ్చిన మాస్-కొలెల్, విన్‌స్టన్, గ్రీన్‌ల మైక్రో పుస్తకం తెరిస్తే మొదటి పేజీల నుంచే నిరూపణలు. రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా రానివాడు అక్కడ నిలవడం కష్టం. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో బీఏ చదివినవాళ్లకు ఈ వంతెన కట్టాల్సింది ఎం.ఏ.నే. ఆ బాధ్యత మా అధ్యాపకులది. ఐచ్ఛికం పేరుతో గణితాన్ని పక్కన పెట్టే కోర్సు పిల్లలకు అన్యాయం చేస్తోందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకో మార్పు నన్ను ఎక్కువగా కలతపెడుతోంది. ఇదివరకు ఎం.ఏ.కూ పీహెచ్‌డీకీ మధ్య ఎంఫిల్ ఉండేది. చిన్న ప్రశ్న పట్టుకుని, తప్పులు చేసి దిద్దుకోవడానికి వ్యవధి దొరికేది. యూజీసీ 2022 నిబంధనలతో అది పోయింది. ఇక ఆ సాధనంతా ఎం.ఏ. డిసర్టేషన్‌లోనే జరగాలి. చివరి సెమిస్టర్‌లో నెలరోజుల్లో కుట్టేసే రికార్డుగా దాన్ని చూస్తే, పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో "నీ ప్రశ్న ఏమిటి?" అన్నప్పుడు పిల్లలు మౌనంగా ఉండిపోతారు.

కొండ మీద మ్యూజియంలో ఇక్ష్వాకుల నాటి శాసనాలు చూశాం. బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించిన సంగతి చదివి పిల్లలు ఆశ్చర్యపోయారు. సముద్రం దాటి ఈ లోయకు చదువుకోవడానికి, చదువు చెప్పడానికి మనుషులు వచ్చేవారు.

తిరుగు లాంచీలో వెల్దుర్తి అమ్మాయి నా పక్కకొచ్చి కూర్చుంది. గ్రామాలవారీ ఆయకట్టు వివరాలు నీటిపారుదల శాఖ దగ్గర దొరుకుతాయా, జనాభా లెక్కల్లో ఊరూరి సాగునీటి పట్టికలు ఎన్ని దశాబ్దాలవి ఉన్నాయి, కాలువకన్నా ఎత్తులో ఉన్న ఊళ్లను, పల్లంలో ఉన్న ఊళ్లను మ్యాపులో విడదీయడం ఎలా అని వరసగా అడిగింది. "కాలువ మట్టానికి కాస్త పైనున్న ఊరు, కాస్త కిందున్న ఊరు మిగతా అన్నిటిలో ఒకటే కదా సార్, వాటినే పోల్చొచ్చా?" అంది. పోల్చొచ్చు, కానీ ముందు నీళ్లు రాకముందు ఆ రెండూ నిజంగా ఒకటేనని చూపించాలి, 1961 జనాభా లెక్కల దగ్గర మొదలుపెట్టు అన్నాను. విజయపురి సౌత్ రేవులో దిగేసరికి తన డిసర్టేషన్‌కు పనికొచ్చే మండలాల పేర్లు రాసుకుంటోంది: వెల్దుర్తి, దుర్గి, బొల్లాపల్లి, మాచర్ల.