రేపు మళ్ళీ వస్తాడా?

ప్రభుత్వాసుపత్రిలో పనిచేసిన కాలంలో క్షయరోగుల రిజిస్టరులో ప్రతినెలా ఒక్కటే వెదికేవాణ్ణి: మందులకు తిరిగి వచ్చినవారెందరు, మధ్యలో మానినవారెందరు? ఆరు నెలల చికిత్స ముగిసి, "ఇక రానవసరం లేదు" అని చెప్పిన రోజే మాకు సంతోషం.

వీడియో గేముల తయారీదారులూ ఇటువంటి లెక్కే వ్రాస్తారు. ఆటను డౌన్‌లోడ్ చేసుకున్నవారిలో మరునాడు, 7వ రోజున, 30వ రోజున ఎంత శాతం తిరిగి వచ్చారో, ఎన్ని నిమిషాలు ఆడారో గమనిస్తారు. ఆ అంకె పెరగడానికే రోజువారీ బహుమతులు. వారి రిజిస్టరులో "ఇక రానవసరం లేదు" అనే గడి ఉండదు.

ఒకనాటి రాత్రి పన్నెండు కావస్తుండగా, జ్వరంతో ఉన్న మా మనుమడు లేచి ఫోను తెరిచాడు. "ఇవాళ ఆడకపోతే నా వరుస తెగిపోతుంది తాతయ్యా" అన్నాడు. ఆ అంకెలలో వాడొకడని అప్పుడు అర్థమైంది.

ఆడే ప్రతి బిడ్డా రోగి కాడు. ఆటపై అదుపు తప్పి, తక్కినవన్నీ వెనుకబడి, నష్టం కనబడుతున్నా మానలేని స్థితి సాధారణంగా 12 నెలలు కొనసాగితే, ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని రుగ్మతగా పరిగణిస్తుంది. 2022 నుండి అమలులో ఉన్న ఐసీడీ-11లో దీనిని చేర్చారు.

అంతవరకు ఆగకండి. మీరూ ఒక రిజిస్టరు తెరవండి. ఆపవలసిన వేళకు ఆపగలిగాడా, కంటినిండా నిద్రపోయాడా అని రోజూ వ్రాయండి. మా ఇంట ఇప్పుడు ఆ రిజిస్టరును మనుమడే వ్రాస్తున్నాడు.