పుష్యంలో కాశీ

మా ఇంట్లో కాశీ ప్రయాణమంటే ముందు పంచాంగం, తర్వాతే రైలు టిక్కెట్టు. 2023లో గంగా పుష్కరాలకు అమ్మను తీసుకెళ్లాను. ఆ ఏడు అవి ఏప్రిల్ 22 నుంచి మే 3 వరకు వచ్చాయి. గురుడు మేషరాశిలో అడుగుపెడితే గంగకు పుష్కరం. ఆయనకు మన ఎండతో పనేముంది! కేదార్ ఘాట్ మెట్ల మీద ఎటు విన్నా తెలుగే. తడి తువ్వాలు నెత్తిన వేసుకుని, కాలే రాళ్ల మీద గెంతుతూ స్నానం చేశాం, దర్శనం చేసుకున్నాం, గదికి పరుగెత్తాం. అమ్మ ఓ కూర, ఓ పండు గంగలో వదిలింది. నేను మాత్రం ఊరు చూడకుండానే తిరిగొచ్చాను.

ఆ లోటు తీర్చుకోవడానికి మరోసారి జనవరిలో ఒంటరిగా వెళ్లాను. అప్పటినుంచి కాశీకి ఎప్పుడు వెళ్లాలని ఎవరడిగినా నా జవాబు ఒకటే: పుష్యంలో.

ఊరు, చరిత్ర

వరుణ, అసి నదుల మధ్య ఊరు కాబట్టి వారణాసి అంటారు. గంగ ఇక్కడ ఉత్తరానికి తిరిగి పారుతుంది. ఒడ్డు పొడవునా ఎనభైకి పైగా ఘాట్లు. ఇప్పుడున్న విశ్వనాథాలయాన్ని 1780లో అహల్యాబాయి హోల్కర్ కట్టించింది. గుడి నుంచి గంగ దాకా వేసిన కారిడార్ 2021 డిసెంబరులో తెరిచారు. మనవాళ్ల రాకపోకలు పాతవే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్నంలో బయలుదేరి, ఏడాది దాటాక ఇల్లు చేరి, ఆ యాత్రను పుస్తకంగా మిగిల్చాడు. ఆయనది నెలల తరబడి ప్రయాణం, కాబట్టి అన్ని రుతువులూ దారిలోనే తగిలాయి. నాలుగు రోజుల సెలవుతో వెళ్లే మనకే ఈ ఎంపిక బాధ.

నెలల లెక్క

మే, జూన్‌లలో ఎండ 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. 'లూ' అనే వడగాలి మొహం మీద కొడుతుంది. జూన్ దాటేలోగా లంగ్డా మామిడి వస్తుందన్నదొక్కటే ఊరట. వానాకాలం గంగ మెట్లెక్కి వస్తుంది. ఘాట్ నుంచి ఘాట్‌కు నడిచే దారి మునుగుతుంది, పడవలు ఆపేస్తారు, సాయంత్రపు గంగాహారతి మేడ మీదికి మారుతుంది.

శ్రావణ సోమవారాలని వెళ్లేవారు ఒక సంగతి గమనించాలి. ఉత్తరాదిన నెల పౌర్ణమి మర్నాడే మొదలవుతుంది. మనకింకా ఆషాఢ బహుళం నడుస్తుండగానే వాళ్లకు శ్రావణం వచ్చేస్తుంది. మన పంచాంగం చూసి వెళితే అప్పటికే కావడి యాత్రికులు వీధుల నిండా ఉంటారు.

కార్తీక పౌర్ణమి నాటి దేవ్ దీపావళి చూడదగ్గదే. వరద వదిలిన ఒండ్రును కడిగి, ఘాట్లన్నిటి మీదా దీపాలు పెడతారు. కానీ ఆ రాత్రి పడవ బేరం మన చేతిలో ఉండదు.

మలయ్యో

ఇక నా పక్షపాతం. మార్గశిరం, పుష్యం కాశీలో మలయ్యో అనే తియ్యటి పాల నురగ దొరికే నెలలు. చిక్కని పాలు పెద్ద మూకుడులో కాచి, చల్లార్చి, రాత్రంతా ఆరుబయట ఆకాశం కింద ఉంచుతారు. పాల మీద మంచు కురవాలి. తెల్లవారుజామున కవ్వంతో చిలుకుతారు. వెన్న కోసం కాదు, నురగ కోసం. లేచిన నురగను లేచినట్టే తీసి వేరే గిన్నెలో పేరుస్తారు. పంచదార, ఏలకులు, కుంకుమపువ్వు చేరి అది లేత పసుపు రంగుకు తిరుగుతుంది.

చౌఖంబా వైపు ఇరుకు సందులో, ఆవు పక్కనుంచి ఒదిగి వెళ్లి, మొదటి ముంత అందుకున్నాను. చెంచాకు బరువే తెలియలేదు. నోట్లో పెట్టాక నమలడానికి ఏమీ లేదు. చల్లదనం, ఆ వెనక కుంకుమపువ్వు వాసన, అంతే. ముంత ఖాళీ అయ్యాక పారేయబోతుంటే అమ్మేవాడు ఆపి, అందులోనే కాసిని కేసరి పాలు పోశాడు. అది మర్యాద అట, దానికి వేరే డబ్బు లేదు.

'ఓస్ బాగా పడిందా ఇవాళ?' అని పక్కనున్న పెద్దాయన అతన్ని అడుగుతున్నాడు. ఓస్ అంటే మంచు. మన పల్లెల్లో వాన గురించి అడిగినంత పట్టింపుగా అడిగాడు. మంచు పడకపోతే నురగ నిలవదు, ఎండెక్కితే కూలిపోతుంది. ఢిల్లీలో దౌలత్ కీ చాట్, లక్నోలో నిమిష్ అని దీని అక్కచెల్లెళ్లున్నాయి. వాటికీ చలికాలమే ఆయుష్షు.

అమ్మకు తెద్దామంటే దారి లేదు. డబ్బాలో పెడితే ఇల్లు చేరేసరికి మిగిలేది తియ్యటి పాలే. కాశీలో పుణ్యం ఏ నెలలోనైనా దొరుకుతుంది, తెచ్చుకోవడానికి చెంబుడు గంగ కూడా దొరుకుతుంది. ఇది మాత్రం ఆ నెలల్లో, ఆ సందులో నిలబడి తినాల్సిందే.

మరికొన్ని

చలికాలంలోనే పచ్చి బఠాణీలతో అటుకులు, చూడా మటర్, వేడివేడిగా దొరుకుతాయి. నది మీద గల్ అనే తెల్లని వలస పక్షులు పడవల వెంట తిరుగుతాయి. సారనాథ్ పది కిలోమీటర్లు. నీరెండలో ధమేక్ స్తూపం చుట్టూ నడవడం హాయి.

ఇబ్బందులు

పొగమంచులో సూర్యోదయం కనిపించని రోజులే ఎక్కువ. రైళ్లు గంటల కొద్దీ ఆలస్యమవుతాయి, తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా ఉంచుకోండి. సంక్రాంతిని అక్కడ ఖిచిడీ అంటారు, ఆనాడు స్నానాలకు జనం పోటెత్తుతారు. ప్రయాగలో కుంభమేళా ఉన్న ఏడు ఆ రద్దీ ఇక్కడికీ పొంగుతుంది. స్వెట్టరు, మేజోళ్లు మరవకండి. మలయ్యోకు పొద్దున్నే వెళ్లండి, ఎండ ముదిరాక వెళితే ఖాళీ గిన్నెలు కడుగుతూ కనిపిస్తారు.