డిసెంబర్ పార్టీకి తెల్లచీర

డిసెంబర్ వచ్చేసరికి అమెరికా ఈశాన్య నగరాల్లో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకిపోతుంది. ఆఫీసు హాలిడే పార్టీలు, క్రిస్మస్ విందులు, 31వ తేదీ రాత్రి డిన్నర్లు, ఆ వెంటనే జనవరిలో తెలుగు సంఘాల సంక్రాంతి సంబరాలు వరసపెట్టి వచ్చిపడతాయి. ఏ హాల్లోకి అడుగుపెట్టినా నలుపు, మెరూన్, బాటిల్ గ్రీన్, నేవీ బ్లూ. అంత ముదురు రంగుల మధ్య ఒక్కరు మీగడరంగు పట్టు కట్టుకుని వస్తే చాలు, అందరి చూపూ అటే పోతుంది. చలికాలపు సాయంత్రానికి తెలుపంత నిండుగా ఒప్పే రంగు ఇంకోటి లేదు. అయినా ఇక్కడి తెలుగువాళ్ళు దాన్ని కట్టడానికి రెండు విధాలుగా జంకుతారు. అమెరికావాళ్ళు ఏమనుకుంటారో అన్నది ఒకటి, ఊళ్ళో పెద్దవాళ్ళు ఏమంటారో అన్నది రెండోది.

మొదటి జంకుకు మూలం లేబర్ డే. సెప్టెంబర్ మొదటి సోమవారం వచ్చే ఈ పండగను 1894లో ఫెడరల్ సెలవుదినం చేశారు. వేసవి విడిదుల నుంచి తిరిగొచ్చే సంపన్న కుటుంబాలు ఆ రోజుతో తెల్లని లినెన్ బట్టలు మడిచి లోపల పెట్టేసేవారని, ఆ అలవాటే మెల్లగా నియమమై కూర్చుందని చెబుతారు. ఎంత గట్టిగా పాతుకుందంటే, లేబర్ డే దాటాక తెలుపు వేసుకోకూడదన్న మాట ఇప్పటికీ ఆఫీసుల్లో వినపడుతూనే ఉంటుంది. అయితే మర్యాదల విషయంలో అమెరికన్లు పెద్దదిక్కుగా చూసే ఎమిలీ పోస్ట్ సంస్థే ఇప్పుడు ఏడాది పొడవునా తెలుపు వేసుకోవచ్చని చెబుతోంది. రంగు సంగతి వదిలేసి బట్ట కాలానికి తగినదా కాదా చూసుకోమంటోంది.

అసలు సాయంత్రపు విందులను ఆ నియమం ఎన్నడూ పూర్తిగా కట్టేసింది లేదు. 1933లో వచ్చిన ‘డిన్నర్ ఎట్ ఎయిట్’ సినిమాలో నటి జీన్ హార్లో కోసం డిజైనర్ ఏడ్రియన్ రూపొందించిన తెల్ల శాటిన్ గౌను ఇప్పటికీ ఫ్యాషన్ పుస్తకాల్లో కనిపిస్తుంది. 1966 నవంబర్ 28న రచయిత ట్రూమన్ కపోటీ న్యూయార్క్ ప్లాజా హోటల్లో ఇచ్చిన విందుకైతే ఆడవాళ్ళు నలుపు గానీ తెలుపు గానీ వేసుకునే రావాలన్నది షరతు. ముఖాలకు మాస్కులు, చేతుల్లో విసనకర్రలు. వాషింగ్టన్ పోస్ట్ అధిపతి కేథరిన్ గ్రాహమ్ గౌరవార్థం జరిగిన ఆ రాత్రి, లేబర్ డే దాటి దాదాపు మూడు నెలలైనా తెల్లగౌన్లకు కొదవ లేదు.

ఇక వియన్నాలో శీతాకాలమంటేనే బాల్ సీజన్, అంటే నృత్యవిందుల కాలం. నవంబర్ 11తో మొదలై జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఉధృతమవుతుంది. ఏటా ఆ నగరంలో 450కి పైగా బాల్స్ జరుగుతాయి. వాటిలో తలమానికం ఒపేరా బాల్. 1935లో ఆ పేరుతో మొదలై, యుద్ధం వల్ల ఆగిపోయి, 1956లో మళ్ళీ ప్రారంభమైంది. భస్మ బుధవారానికి ముందు వచ్చే గురువారం రాత్రి స్టేట్ ఒపేరాలో కుర్చీలన్నీ తీసేసి, నేలను వేదికతో సమం చేసి నాట్యశాలగా మార్చేస్తారు. తొలిసారి సభలోకి అడుగుపెట్టే అమ్మాయిలు నేల తాకే తెల్లగౌన్లతో, మోచేయి దాటిన తెల్ల గ్లవ్స్‌తో, తలపై చిన్న కిరీటాలతో జంటలు జంటలుగా నడిచి వస్తారు. మిగతా ఆడవాళ్ళకు ఆ రాత్రి తెలుపు నిషిద్ధం. అంటే అక్కడ తెలుపు గౌరవస్థానం. బయట గడ్డకట్టే చలి ఉన్నా దాని విలువ ఇసుమంతైనా తగ్గదు.

రెండో జంకు మన ఇంటిది. పండగపూట తెల్లచీర అనగానే పెద్దవాళ్ళ ముఖం మారుతుంది. భర్త పోయిన స్త్రీకి రంగులు, పూలు, గాజులు తీసేసి తెల్లబట్ట కట్టించిన కాలం మిగిల్చిపోయిన భయం అది. ఒకప్పుడు ఆడవాళ్ళను అంతగా బాధించిన ఆచారాన్ని ఇంకా ఒక రంగు మీద మోపి మోయాల్సిన పని లేదు. పైగా తెలుగు పెళ్ళిలో వధూవరులు కట్టుకునే మధుపర్కాలు తెల్లవే కదా! ఎర్రటి అంచో పసుపు అంచో ఉన్న ఆ నూలుబట్టలతోనే పీటల మీద కూర్చుంటారు. తెలుగు క్రైస్తవుల ఇళ్ళలో పెళ్ళికూతురిది తెల్లచీరే, క్రిస్మస్ ఆరాధనకు ఇంటిల్లిపాదీ తెల్లబట్టలు కట్టుకోవడం ఎంతోమందికి ఆనవాయితీ. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చిలో క్రిస్మస్ తెల్లవారుజాము ఆరాధనకు వణికించే చలిలో తెల్లచీరల్లో వచ్చే ఆడవాళ్ళను చూస్తే, శీతాకాలానికీ తెలుపుకూ ఉన్న చుట్టరికం తెలుగునేల మీద కొత్తదేమీ కాదని తెలుస్తుంది.

న్యూజెర్సీలో ఉంటున్న ఒక గుంటూరు కోడలు కిందటి డిసెంబర్‌లో వెంకటగిరి చీర ఒకటి తీసింది. మీగడరంగు పట్టు, సన్నటి బుటాలు, అరచేతి వెడల్పున జరీ అంచు. ఫోన్లో చూసి అత్తగారు, “ఏమ్మా, పండగపూట తెల్లచీరేమిటి?” అన్నారు.

“అంచు చూడండి అత్తయ్యా, పావు చీర బంగారమే.”

“అయితే ఎర్ర బ్లౌజు వెయ్యి. చేతినిండా గాజులు వేసుకో,” అని ఆవిడ రాజీకొచ్చారు. ఆ సలహా చాలా మంచిది కూడా. తెలుపు మీద ఎరుపు పడితే ముఖం కళకళలాడుతుంది.

తెలుపులో ఏ తెలుపు అన్నది అసలు ప్రశ్న. పాలతెలుపు, మీగడతెలుపు, ముత్యపు తెలుపు అన్నీ ఒకటి కావు. విందుహాళ్ళలో ఉండే పసుపుపచ్చ దీపాల కింద మీగడరంగు బంగారు ఛాయ పట్టి వెలుగుతుంది. డిటర్జెంట్లలో కలిపే ఆప్టికల్ బ్రైటనర్లు అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని నీలికాంతిగా వదులుతాయి కాబట్టి, డీజే పక్కన వెలిగే బ్లాక్ లైటు కింద మెషీన్లో ఉతికిన తెల్లచొక్కా నీలంగా మెరుస్తుంది. జిగురు తీసిన పట్టుదారానికి సహజంగా ఉండేది మీగడరంగే. చామనఛాయ ఒంటికీ, జరీకీ, బంగారు నగలకీ అదే చక్కగా పొసగుతుంది.

తర్వాత బరువు. వేసవిలో హాయిగా ఉండే పొందూరు ఖద్దరు, మంగళగిరి నూలు జనవరి గాలికి ఆగవు. పట్టు కావాలి, అందులోనూ కాస్త నిండుగా నేసిన ఉప్పాడ జామ్‌దానీ. లోపల థర్మల్స్ వేసుకునేటప్పుడు చాలామంది తెల్లచీర కింద తెల్లవే వేస్తారు, అవి బయటికి గీతకట్టి కనిపిస్తాయి. ఒంటిరంగులో ఉన్నవి తీసుకుంటే అసలు ఆచూకీ తెలియదు. పైన ముదురు రంగు పష్మీనా శాలువా ఉంటే సరి. మగవాళ్ళకు పంచె, కండువా ఎలాగూ ఉన్నాయి. పంచె కింద థర్మల్ లెగ్గింగ్స్ వేసుకుంటే సంక్రాంతి సంబరాలకు నిశ్చింతగా రావచ్చు.

పార్కింగ్ లాటులో ఉంది అసలు పరీక్ష. రోడ్ల మీద ఉప్పు చల్లాక కరిగిన మంచు బూడిదరంగు బురదవుతుంది. ఆ గుంటూరు కోడలు మంచుబూట్లతో దిగి, కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చెప్పులు సంచిలో పట్టుకుని హాలు దాకా నడిచింది. కోటు విప్పేచోటే బూట్లు మార్చుకుని కుచ్చిళ్ళు దించుకుంది. భోజనాల దగ్గర రెడ్ వైన్ కన్నా పులిహోరతోనే ప్రమాదం. పసుపులోని కర్కుమిన్ సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. నూలుబట్ట మీదైతే ఉతికి ఎండలో వేస్తే మెల్లగా పోతుంది కానీ, పట్టు మీద రుద్దకుండా కాగితంతో అద్ది తీసి, మర్నాడు డ్రై క్లీనర్‌కు మరక చూపించి ఇవ్వడమే మేలు.

అసలైన జరీకి వెండి ఆధారం కాబట్టి సెంటు దాని మీద పడకూడదు, నల్లబడుతుంది. పార్టీ అయ్యాక చీరను ప్లాస్టిక్ కవర్లో పెట్టకుండా, గాలికి ఆరనిచ్చి మెత్తని మల్లుబట్టలో చుట్టి, అప్పుడప్పుడూ మడతలు మారుస్తూ దాచుకోవాలి. కొత్తది నేయించుకోవాలనుకునేవాళ్ళు వేసవిలోనే మాట్లాడుకోవడం మంచిది. జామ్‌దానీలో ఒక్కో బుటాను చేత్తో విడిగా దారం దూర్చి ఎక్కిస్తారు, పనితనాన్ని బట్టి చీరకు వారాలు, నెలలు పడతాయి. ఫాల్ కుట్టించడానికీ, ఎర్ర బ్లౌజు కుట్టించి తెప్పించుకోవడానికీ ఇంకో నెల కేటాయించుకుంటే డిసెంబర్ మొదటి పార్టీకి చీర సిద్ధంగా ఉంటుంది.