ఒక్క మిల్లీలీటరు

‘‘కాస్త తక్కువ తియ్యండి సిస్టర్!’’

తండ్రినైన మూడో రోజున నేనన్న మాట అది.

మా పాప పుట్టినప్పుడు 2.5 కిలోలు. రెండు రోజులు బాగానే పాలు తాగింది. తెనాలిలో అత్తగారింటికి వచ్చేశాం. మూడో రోజు పొద్దుట్నుంచీ రొమ్ము పట్టదు, లేపితే లేవదు. పాదాలు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. ‘బాలింత ఏదో తినకూడనిది తినుంటుంది’ అందో పెద్దావిడ. మా అత్తగారు మాత్రం గబగబా దిష్టి తీసి, ‘ఇక ఆస్పత్రికి పదండి బాబూ’ అన్నారు. ఆ రెండో మాటకి ఆవిడకి ఇప్పటికీ దణ్ణం పెడతాను.

గుంటూరులో డాక్టరుగారు చూసి ఇన్‌ఫెక్షన్ అనుమానం అన్నారు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం తీసి కల్చర్‌కి పంపాలట. మందు పడ్డాక తీస్తే బ్యాక్టీరియా ఉన్నా సీసాలో పెరగకపోవచ్చు.

పాప మణికట్టు నా బొటనవేలంత ఉంది. సిస్టర్ గ్లవ్స్ వేసుకుని, చర్మాన్ని మందుతో తుడిచి, అది ఆరేదాకా ఆగింది. నాకేమో ఒకటే కంగారు. చర్మం మీది క్రిములు సీసాలోకి వెళ్తే లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుందని తర్వాత తెలిసింది. సూది గుచ్చితే పాప ఏడవను కూడా ఏడవలేదు. అప్పుడే నోరు జారాను.

డాక్టరుగారు కోప్పడలేదు. ‘‘కిలోకి సుమారు 80 మిల్లీలీటర్ల లెక్కన పాప ఒంట్లో 200 దాకా రక్తం ఉంటుంది. తీసేది ఒక్కటి. పసివాళ్ల రక్తంలో క్రిములు ఒక్కోసారి చాలా పలచగా ఉంటాయి. తక్కువ తీస్తే దొరక్కపోవచ్చు. అప్పుడు ‘ఏమీ లేదు’ అని రిపోర్టు వచ్చినా నేను నమ్మలేను. మందు ఆపమంటారా, కొనసాగించమంటారా?’’

నా దగ్గర జవాబేదీ? సిస్టర్ ఒక మిల్లీలీటరూ తీసింది. మరుక్షణం మందు మొదలైంది.

సీసాని యంత్రంలో పెడతారు. క్రిములు పెరుగుతూ వదిలే కార్బన్ డయాక్సైడుని అది పసిగడుతుంది. ఉన్నవి చాలావరకు 48 గంటల్లోపే బయటపడతాయట. డెడ్‌లైన్ల మధ్య బతికే ఉద్యోగం నాది. అయినా అంత పొడుగాటి 48 గంటలు ఎప్పుడూ చూడలేదు. నర్సు బయటికొస్తే భయం, రాకపోతే ఇంకా భయం. రెండో రాత్రి, పాప పాలు తాగిందని కబురొచ్చింది.

గడువు నాటికి సీసాలో ఏమీ పెరగలేదు. మిగతా పరీక్షలూ బాగున్నాయి. మందు ఆపేసి, చేతికున్న సూది తీసేశారు.

ఇంటికొచ్చాక చూడ్డానికొచ్చిన వాళ్లందరికీ అత్తగారు చెబుతున్నారు, ‘పసిగుడ్డు ఒంట్లోంచి సీసాడు రక్తం తీశారమ్మా!’ అని. టీ చెంచాలో అయిదో వంతేనని చెప్పబోయి ఊరుకున్నాను. ఆ క్షణంలో నాకూ సీసాడనే అనిపించింది మరి!