గీత ఉంది, బాట ఉందా?

2024 మే నెలాఖరులో హైదరాబాద్ నుంచి కేరళ చూడబోయిన నలుగురు, కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర కారుతో సహా వాగులోకి దిగిపోయారు. వాళ్లు అలప్పుళ వెళ్లాలి. రోడ్డు మీదికి నీళ్లొచ్చి ఏది దారో ఏది వాగో తెలియడం లేదు. ఫోన్లో మ్యాపు మాత్రం పొమ్మంటూనే ఉంది. ఊరివాళ్లూ పోలీసులూ కలిసి నలుగురినీ గట్టెక్కించారు; కారు నీట మునిగింది. వార్త చదివినవాళ్లంతా జీపీఎస్‌ను దుమ్మెత్తి పోశారు. పాపం, దాని తప్పేముంది? కారు ఎక్కడుందో అది సరిగ్గానే చెప్పింది. అక్కడ రోడ్డుందని చెప్పింది మ్యాపు.

రెండూ ఒకే తెర మీద కనిపిస్తాయి కనుక రెండూ ఒకటే అనిపిస్తుంది. జీపీఎస్ అంటే దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు, వాటిలో అణు గడియారాలు. ఒక్కో ఉపగ్రహం నుంచి సంకేతం వచ్చి చేరడానికి ఎంతసేపు పట్టిందో ఫోను లెక్కగడుతుంది. నాలుగు ఉపగ్రహాలు దొరికితే అక్షాంశం, రేఖాంశం, ఎత్తు తేలిపోతాయి. దాని పాండిత్యం అంతవరకే. ఆ చుక్క కింద తారు ఉందో, నల్లరేగడి బురద ఉందో, పోయినేడు వానలకు కొట్టుకుపోయిన కల్వర్టు ఉందో దానికేం తెలుసు? అది ఎవరో చూసి, గీసి పెట్టాల్సిన సంగతి. తారు దిగి మట్టిలో బండి నడపాలనుకునేవాళ్లు పరికరం ధర అడిగేముందు, ఆ గీతను ఎవరు గీశారో, ఎప్పుడు గీశారో అడగడం మేలు.

ఆస్ట్రేలియాలోని మిల్డూరా కథే చూడండి. 2012లో ఆపిల్ కొత్తగా తెచ్చిన మ్యాపుల్లో ఈ ఊరు అసలు చోటికి దాదాపు 70 కిలోమీటర్ల దూరాన, మర్రే-సన్‌సెట్ జాతీయ వనం నడుమ పడింది. అక్కడ నీటి చుక్క దొరకదు, ఎండ 46 డిగ్రీల దాకా పోతుంది. మ్యాపును నమ్మి వెళ్లినవాళ్లలో కొందరు తిండీ నీళ్లూ లేకుండా 24 గంటల దాకా చిక్కుకున్నారని, ఫోను సిగ్నల్ కోసం చాలా దూరం నడవాల్సి వచ్చిందని ఆ డిసెంబరులో విక్టోరియా పోలీసులు హెచ్చరించారు. ఇంతకీ జరిగిందేమిటంటే, ఆస్ట్రేలియా స్థలనామాల పట్టికలో మిల్డూరా పేరు రెండుసార్లు ఉంది: ఒకటి ఊరు, రెండోది అదే పేరున్న పెద్ద పాలనా ప్రాంతపు నడిమి బిందువు. కంప్యూటరు రెండోదాన్ని పట్టుకుంది. మన దగ్గర మండలానికీ మండల కేంద్రానికీ తరచూ ఒకే పేరు కదా. ఊరి పేరు టైపు చేసి నిశ్చింతగా బయల్దేరేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవచ్చు.

మట్టి దారుల కోసం థార్లు, జిమ్నీలు కొన్నవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పరికరాల చర్చకు అంతుండదు. నిజానికి చేతిలో ఉన్న ఫోనే చాలామందికి సరిపోతుంది. టవరు లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. టవరు లేనిచోట మొరాయించేది ముందుగా డౌన్‌లోడ్ చేసుకోని మ్యాపు. కాకపోతే ఊళ్లో సెకన్లలో దొరికే చుక్క అడవిలో కాస్త ఆలస్యమవుతుంది. ఉపగ్రహాల వివరాలు నెట్ నుంచి కాక ఆకాశం నుంచే, సెకనుకు 50 బిట్ల నత్తనడకన దిగాలి మరి. సిగ్నల్ కోసం వెతికి వెతికి ఫోను బ్యాటరీ తాగేస్తుంది కాబట్టి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టడం మంచిది. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి అప్పుడూ జీపీఎస్ అందుతుంది. పెద్ద తెర కావాలని ఐప్యాడ్ కొనేవాళ్లు మాత్రం జాగ్రత్త: వైఫై మాత్రమే ఉన్న రకంలో జీపీఎస్ చిప్పే ఉండదు. మే నెల ఎండలో అద్దం వెనక పెట్టిన ఫోను వేడెక్కి ఆగిపోవడమూ మామూలే. బటన్లతో నడిచేవి, పెన్సిల్ సెల్స్ వేసుకునేవి, వానకు చలించనివి అయిన చేతి పరికరాలకు ఇప్పటికీ గిరాకీ ఉందంటే అందుకే. అయితే ఖరీదైన పరికరంలో నగరం మ్యాపు పెట్టుకుని కొండలెక్కేవాడికన్నా, పాత ఫోనులో మంచి మ్యాపు ఉన్నవాడే నయం.

మంచి మ్యాపు ఎక్కడ దొరుకుతుంది? 2004లో బ్రిటన్‌లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను ప్రపంచమంతటా ఔత్సాహికులు గీస్తూ, దిద్దుతూ ఉంటారు. ఆస్‌మాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లు దాని మీదే నడుస్తాయి. అందులో బండి బాటలకు ఐదు గ్రేడ్లున్నాయి: ఒకటో గ్రేడు గట్టి బాట, ఐదో గ్రేడు మెత్తటి నేల. ఎవరో శ్రద్ధగా గ్రేడు వేస్తేనే సుమా. వేయనిచోట గోదావరి పుంతా, పల్నాటి డొంకా, మేకలు నడిచే కాలిబాటా అన్నీ ఒకే సన్నగీత. పైగా చాలా గీతలు ఉపగ్రహ ఛాయాచిత్రం చూసి, ఎక్కడో కూర్చుని గీసినవి. వేసవిలో తీసిన ఛాయాచిత్రంలో ఎండిన వాగు తెల్లటి ఇసుకతో అచ్చం బాటలాగే ఉంటుంది. జులైలో అక్కడికి జీపు తీసుకెళ్లినవాడికి తేడా తెలుస్తుంది. గీసిన గీతకన్నా ఎవరో నిజంగా బండి నడిపి నమోదు చేసిన ట్రాక్ మెరుగు; అయినా నడిపింది బైకో జీపో, ఏ నెలలోనో చూసుకోవాలి. వీటన్నిటికన్నా నమ్మదగినవాడు చివరి ఊళ్లో టీకొట్టు దగ్గర కనిపించే ట్రాక్టరు డ్రైవరు. అతని సమాచారం నిన్నటిది.

అంకెలతోనూ తంటా ఉంది. మిత్రుడు 17 డిగ్రీల 30 నిమిషాలని చెబితే 17.30 అని కొట్టారనుకోండి, 22 కిలోమీటర్లు దక్షిణానికి జరిగినట్టే. పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు వాడేవాళ్లది ఇంకో చిక్కు. అవి సర్వేయరు జార్జ్ ఎవరెస్ట్ 1830లో లెక్కతేల్చిన భూమి ఆకారాన్ని బట్టి గీసినవి. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే మరో లెక్క. ఆ తేడా సరిచేయకపోతే మన ప్రాంతంలో చుక్క వంద మీటర్లకు పైనే పక్కకు పడుతుంది. మైదానంలో పరవాలేదు, ఘాట్‌లో అయితే లోయ అవతలి గట్టున తేలతారు. ఈ ఎవరెస్ట్ దొర త్రికోణ సర్వేలో చేరింది హైదరాబాద్‌లోనే, విలియం లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా. కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరంతో చావుబతుకుల దాకా వెళ్లొచ్చాడు. 

దారి తప్పితే ప్రాణాల మీదికే రావచ్చు. 2011 మార్చిలో కెనడా దంపతులు లాస్ వేగాస్ వెళ్తూ నెవాడా కొండల్లో జీపీఎస్ చూపిన అడ్డదారి పట్టారు. వ్యాను బురదలో కూరుకుపోయింది. సాయం తెస్తానని భర్త జీపీఎస్ తీసుకుని నడిచి వెళ్లాడు. ఏడు వారాల తర్వాత వేటగాళ్లకు భార్య ప్రాణాలతో దొరికింది. ఆయన అవశేషాలు మరుసటి ఏడాది గానీ దొరకలేదు. ఇలాంటి అవసరానికే విదేశాల్లో ఎస్‌ఓఎస్ బటన్ ఉన్న శాటిలైట్ మెసెంజర్లు వెంట తీసుకెళ్తారు. అమెరికా నుంచి వచ్చే బావమరిదికి అదొకటి తెచ్చిపెట్టమని చెప్పేముందు ఒక్క మాట: జీపీఎస్ కేవలం వింటుంది, మెసెంజర్ ఉపగ్రహంతో మాట్లాడుతుంది. ముందస్తు అనుమతి లేకుండా దాన్ని భారతదేశంలో దగ్గర ఉంచుకోవడం నేరం. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో ఒక కెనడా మహిళ ఇలాగే చిక్కుల్లో పడింది. కాబట్టి ఇక్కడ రెండు బండ్లు కలిసి వెళ్లడం, ఏ దారిన పోతున్నదీ ఎప్పటికి తిరిగొచ్చేదీ ఇంట్లో రాసిచ్చి వెళ్లడం తప్పదు.

జీపీఎస్ లేని రోజుల్లో, 1982 జనవరిలో, పారిస్-డకార్ ర్యాలీకి వెళ్లిన మార్క్ థాచర్ సహారాలో ఆరు రోజులు జాడ లేకుండా పోయాడు. అప్పటి బ్రిటిష్ ప్రధాని కొడుకు కాబట్టి దేశాలు కదిలాయి. చివరికి అల్జీరియా విమానం కనిపెట్టింది. ఇవాళ సౌదీలో జరిగే అదే డకార్ ర్యాలీలో ప్రతి బండి మీదా ఉపగ్రహం కన్ను ఉంటుంది, కానీ అది చూసేది నిర్వాహకులు. నడిపేవాడికి మ్యాపే ఇవ్వరు. దారిలో తాకాల్సిన, దాచిపెట్టిన బిందువుకు (వేపాయింట్) కొన్ని వందల మీటర్ల దగ్గరికి వచ్చాకే తెర మీద బాణం వెలుగుతుంది. అప్పటిదాకా దిక్కు, దూరం, రోడ్‌బుక్. 2024లో ర్యాలీ-2 తరగతి గెలిచిన కేరళ కుర్రాడు హరిత్ నోవా సౌదీ ఇసుకలో దారి పట్టుకున్నది అలాగే. ఆ రోడ్‌బుక్‌ను ముందుగా ఆ దారిన వెళ్లి చూసినవాళ్లు తయారుచేస్తారు: ఎక్కడ ఇసుక మెత్తగా ఉంది, ఎక్కడ గొయ్యి ఉంది, ఎక్కడ రాళ్లు తేలాయి. ప్రమాదం పెద్దదయ్యే కొద్దీ ఆశ్చర్యార్థకాలు పెరుగుతాయి. మూడు కనిపించాయంటే ఎంతటివాడైనా బండి వేగం తగ్గించాల్సిందే.